ఆగితే కారుతోందా, నడిస్తే కారుతోందా?

ప్రశ్న: మేస్త్రి గారికి నమస్కారం. మా మామగారి 1965 షెవర్లే ఇంపాలా ఆయన పోయాక మా ఇంటికొచ్చింది. ఆటోమేటిక్, గేర్లు రెండే. ఆదివారం ఒక్కపూట మహాబలిపురం దాకా తిప్పుకొస్తాను, తక్కిన వారమంతా పోర్టికోలోనే. నడిపిన రోజూ మర్నాడూ నేల శుభ్రంగానే ఉంటుంది. శుక్ర, శనివారాలకి మాత్రం అరచెయ్యంత ఎర్రటి మరక. ఇక్కడి మెకానిక్ గేర్‌బాక్సు ముందువైపు సీలు పోయిందనీ, గేర్‌బాక్సు దించాలనీ, 60 వేలు అవుతుందనీ అంటున్నాడు. విచిత్రమేమిటంటే శనివారం గేర్‌బాక్సు ఆయిల్ కొలిచే కడ్డీ తీసి చూస్తే ఆయిల్ ఫుల్ గీత దాటి ఉంటుంది. కారు ఇంత కారుతుంటే ఆయిల్ ఎలా పెరుగుతోంది?
– ఒక పాఠకుడు, కీల్పాక్, చెన్నై

జవాబు: గేర్‌బాక్సు దించనివ్వకండి. ముందు అది చెప్పి తర్వాత మిగతాది చెబుతాను. మీరు విచిత్రం అన్నారే, రోగం పేరు అదే.

మీ బండిలో ఉన్నది పవర్‌గ్లైడ్, అంటే షెవర్లే వాళ్ళ రెండు గేర్ల ఆటోమేటిక్ గేర్‌బాక్సు. ఎవరైనా మధ్యలో మార్చేశారేమో అని అనుమానం ఉంటే కింద దూరి చాంబర్ (గేర్‌బాక్సు అడుగున ఆయిల్ నిలిచే రేకు తొట్టి) బోల్టులు లెక్కపెట్టండి. 14 ఉంటే పవర్‌గ్లైడే. దీనికి ముందువైపు గారె ఆకారంలో టార్క్ కన్వర్టర్ ఉంటుంది, ఇంజన్ తిప్పుడుని ఆయిల్ ద్వారా గేర్‌బాక్సుకి అందించేది అదే, లోపల లీటర్లకొద్దీ ఆయిల్. ఇంజన్ తిరుగుతున్నంతసేపూ పంపు దాన్ని నిండుగా ఉంచుతుంది. ఇంజన్ ఆగితే పంపూ ఆగుతుంది. అరవయ్యేళ్ళ బండి, లోపల బుష్‌లు అరిగి ఉంటాయి, కన్వర్టర్‌లోని ఆయిల్ రోజుకి కాస్త చొప్పున చాంబర్‌లోకి దిగిపోతుంది. సోమవారం చాంబర్‌లో మామూలు మట్టం. శుక్రవారానికి ఆ మట్టం, గేరు లీవరు షాఫ్టు గేర్‌బాక్సు పెట్టెలోంచి బయటికొచ్చే కన్నం దాకా లేస్తుంది. అక్కడుండేది చిన్న రబ్బరు సీలు, గట్టిపడి గాజులా అయిపోయి ఉంటుంది. మీ మరక అక్కడిది. ఆదివారం బండి తీయగానే పంపు ఆయిల్‌ని మళ్ళీ కన్వర్టర్‌లోకి లాగేస్తుంది, మట్టం దిగుతుంది, కారడం ఆగుతుంది.

నా మాట నమ్మక్కర్లేదు, ఈ శనివారమే చూసుకోండి. స్టార్ట్ చెయ్యకముందు కడ్డీ తీసి గుర్తు రాసుకోండి. తర్వాత 20 నిమిషాలు తిప్పి, చదును నేల మీద ఆపి, పార్కింగ్ బ్రేకు వేసి, న్యూట్రల్‌లో ఇంజన్ ఆడుతుండగా మళ్ళీ చూడండి. అసలు లెక్క ఈ రెండోదే. మొదటిది ఎక్కువ, రెండోది సరిగ్గా ఉంటే నేను చెప్పినదే జబ్బు. రెండోది కూడా గీత దాటితే ఎవరో చల్లటి బండికి కడ్డీ చూసి ఆయిల్ ఎక్కువ పోశారన్నమాట. యాడ్ గీతకీ ఫుల్ గీతకీ మధ్య ఉన్నది సుమారు అరలీటరే. ఎక్కువైతే లోపల తిరిగే భాగాలు చిలికి నురుగు చేస్తాయి, ఆ నురుగు గేర్‌బాక్సు ఊపిరి తీసుకునే గాలిగొట్టంలోంచి పొంగి పెట్టె నెత్తినుంచి కారుతుంది. దాన్ని చూసి నాలుగు సీళ్ళు మార్చినవాళ్ళు ఉన్నారు.

ఇక చుక్క ఎక్కడ పుడుతోందో కంటితో చూడాలి. దీనికే ఓపిక కావాలి, మన షెడ్లలో లేనిది అదే. బండి స్టాండ్ల మీద పెట్టండి, ఒట్టి జాకీ మీద పెట్టి కింద దూరకండి. గేర్‌బాక్సు అడుగంతా కిరసనాయిలు, బ్రష్షుతో కడిగి పొడిబట్టతో తుడవండి. ఆరాక ముఖానికి రాసుకునే పౌడరు పల్చగా జల్లండి. బండి దించి, కింద పాత న్యూస్‌పేపర్లు పరిచి, టైర్లు ఎక్కడున్నాయో సుద్దతో గీసి వదిలెయ్యండి. నాలుగో రోజు నుంచి టార్చితో చూడండి.

చుక్క పడిన చోటుని మాత్రం నమ్మొద్దు. లీవరు సీలు దగ్గర పుట్టిన ఆయిల్ అక్కడ పడదు. లీవరు మొదలు చుట్టూ ముందు సన్నటి తడి ఉంగరం కడుతుంది. అక్కడినుంచి పెట్టె గోడ మీద గోరు వెడల్పున గీతలా దిగుతుంది. చాంబర్ అంచు అందగానే అడ్డంగా తిరిగి, ఒక్కో బోల్టు తలనీ తడుపుతూ, నేల కాస్త వాలుంటే ఆ వాలుకే నడిచి, మూల బోల్టు కింద వేలాడుతుంది. కింద నుంచి చూసిన కుర్రాడు ‘ప్యాకింగ్ పోయిందన్నా’ అంటాడు, పానా తీసి బోల్టులు బిగిస్తాడు. బిరడా చెక్క ప్యాకింగ్‌ని అలా నొక్కితే పక్కలకి పిండుకుపోతుంది, రేకు అంచు వంగుతుంది, అప్పుడు నిజంగానే అక్కడినుంచీ కారడం మొదలవుతుంది. పౌడరు మీదైతే ఆయిల్ నడిచిన దారి గులాబీరంగు గీతగా కనిపిస్తుంది. తడిసిన చోట్లలో అన్నిటికంటే పైనా, అన్నిటికంటే ముందూ ఉన్నదే పుట్టుక. ముందు అని ఎందుకన్నానంటే, బండి పరిగెడుతున్నప్పుడు గాలి ఆయిల్‌ని వెనక్కే తోస్తుంది.

మీ మెకానిక్ అన్న ముందు సీలు పోతే కథ వేరుగా ఉంటుంది. అది ముఖ్యంగా ఇంజన్ తిరుగుతుండగా కారుతుంది. కన్వర్టర్ తిరిగే జోరుకి ఆయిల్ బెల్ హౌసింగ్ (కన్వర్టర్‌ని కప్పి ఉండే గంట ఆకారపు డొప్ప) లోపలంతా చిమ్మి, అడుగు రేకు దగ్గర చుక్కలవుతుంది. ఆ రేకు విప్పి లోపల వేలు పెట్టి చూస్తే చాలు, పొడిగా ఉంటే 60 వేలు మిగిలాయి. తడిగా ఉన్నా రంగు చూడండి. నల్లగా, గోధుమరంగుగా ఉంటే అది ఇంజన్ వెనక సీలుదో, ఇంజన్ నెత్తినుండే వాల్వ్ కవర్ వెనక మూలదో. గేర్‌బాక్సుకి సంబంధం లేదు.

ఎరుపంతా గేర్‌బాక్సుదీ కాదు. ఈ ముక్క నేను డబ్బు పెట్టి నేర్చుకున్నాను. నెల్లూరు నుంచి వచ్చి జనరల్ ప్యాటర్స్ రోడ్ వెనక సందులో షెడ్డు పెట్టిన కొత్తలో, టి.నగర్ నుంచి ఒక ఇంపాలా వచ్చింది. ఎర్ర ఆయిల్, ముందువైపు. గేర్‌బాక్సు దించాను, సీలు మార్చాను, ఎక్కించాను. వారంలో మళ్ళీ వచ్చింది. మళ్ళీ దించాను, ఈసారి నా ఖర్చు. చివరికి చూస్తే పవర్ స్టీరింగ్ గొట్టం! ఆ రోజుల జీఎం బండ్లలో స్టీరింగ్‌కీ ఈ ఎర్ర ఆయిలే పోసేవాళ్ళు. బండి ఆయన ఒక్కమాట అనలేదు, కాఫీ తెప్పించాడు. తిట్టినా బాగుండేది.

ఇంకో రెండు చోట్లు చూడండి. గేర్‌బాక్సు ఆయిల్ చల్లబడడానికి రేడియేటర్‌కి వెళ్ళే రెండు స్టీలు గొట్టాలు మన సముద్రపు గాలికి తుప్పుపడతాయి. మధ్యలో కోసి పెట్రోలు గొట్టం అతికించి ఉంటే వెంటనే తీయించి, వేడి ఆయిల్‌కి తట్టుకునే గొట్టం వేయించండి. అవి కారేది ఇంజన్ నడుస్తుండగా, ఒత్తిడితో. రెండోది వ్యాక్యూమ్ మాడ్యులేటర్, ఇంజన్ పీల్పుని బట్టి గేరు మారడాన్ని సర్దే చిన్న డబ్బీ. నేల మీద చుక్క లేకుండా ఆయిల్ తగ్గుతూ, సైలెన్సర్‌లో తెల్లపొగ వస్తుంటే దాని రబ్బరు గొట్టం పీకి చూడండి. లోపల ఎర్రగా తడి ఉంటే పొర చిరిగింది, ఇంజన్ ఆ ఆయిల్‌ని తాగుతోంది. మీకిప్పుడు ఆ లక్షణం లేదు.

చేయించాల్సింది ఇంతే. చాంబర్ దించి, లీవరు షాఫ్టు సీలు మార్పించండి, దీనికి గేర్‌బాక్సు దించక్కర్లేదు. దించిన చాంబర్ అంచుని చదును చేసి కొత్త ప్యాకింగ్ వేయించండి. బోల్టులు మణికట్టు బలంతో చాలు, భుజం వద్దు. సీలు ఊరేలా చేసే డబ్బా మందులు పొయ్యకండి, అవి మెత్తబరచకూడని సీళ్ళని కూడా మెత్తబరుస్తాయి. కన్వర్టర్ దిగిపోవడం మాత్రం అలాగే ఉంటుంది, దాని జోలికి నేనైతే పోను. బుధవారం ఒకసారి బండి తీసి వీధి చివరిదాకా వెళ్ళి రండి, మట్టం అంత పైకి లేవదు.

ప్రశ్న: మా పాత ఆటోమేటిక్ బండి ఆయిల్ ఎర్రగా కాక పాలు కలిపినట్టు గులాబీరంగులో ఉంది. ఫర్వాలేదా?
– ఒక పాఠకురాలు, పెరంబూర్

జవాబు: మైలాపూర్‌లో తాగే రోజ్‌మిల్క్ రంగా అమ్మా? అయితే బండి స్టార్ట్ చెయ్యకండి. రేడియేటర్ లోపలి ఆయిల్ కూలర్ చిల్లుపడి నీళ్ళు గేర్‌బాక్సులోకి చేరి ఉంటాయి, మొన్నటి వానకి గుంటలో నీళ్ళు గాలిగొట్టం దాకా వచ్చి ఉండినా అంతే. రేడియేటర్ మూత తీసి నీళ్ళ మీద నూనె తేలుతోందేమో చూడండి, బండి బాగా చల్లారాకే. తేలితే కూలరే. నీళ్ళు తగిలిన క్లచ్ ప్లేట్ల మీది పొర ఊడి వస్తుంది, కాబట్టి ఒట్టి ఆయిల్ మార్చి ఊరుకుంటే సరిపోదు, విప్పాల్సిందే. షెడ్డుకి తాడు కట్టి లాగించకండి, వెనక చక్రాలు నేల మీద తిరిగితే లోపల ఆయిల్ అందక ఇంకా పాడవుతుంది. ప్లాట్‌ఫాం లారీ పిలిపించండి.