థీసిస్ రాయబోతున్న మేనకోడలికి ఒక ఉత్తరం

చిరంజీవి మేనకోడలికి, ఒంగోలు నుంచి మామయ్య ఆశీస్సులు.

మొన్న ఫోన్‌లో "ఇంకో నెలలో థీసిస్ సినాప్సిస్ ఇవ్వాలి మామయ్యా, టాపిక్ తేలక టెన్షన్‌గా ఉంది" అన్నావు. ఆ వెంటనే మీ తమ్ముడు ఫోన్ లాక్కుని తన గోడు చెప్పుకున్నాడు. హౌస్‌సర్జన్సీ అయిపోవస్తోందట, వాడికేమో ఇంటిల్లిపాదినీ చూసే డాక్టరు చదువు, ఫ్యామిలీ మెడిసిన్, చెయ్యాలని ఉందట, ఇంట్లో ఒక్కరూ ఒప్పుకోవడం లేదట. ఇద్దరికీ ఫోన్‌లో సరిగ్గా జవాబు చెప్పలేకపోయాను. రిటైరయ్యాక తీరిక ఉంది కదా, కూర్చుని రాస్తున్నాను. వాడికి కూడా చదివి వినిపించు.

మీ పంటి వైద్యం పీజీలో థీసిస్ అనగానే పిల్లలు చేసే పని నాకు తెలుసు. క్లిప్పుల వైద్యం కోసం తీసేసిన పళ్ళు ఓ నలభై పోగుచేస్తారు. వాటి మీద రెండు కంపెనీల బాండింగ్ ఏజెంట్లు, అంటే అతికించే మందులు, పూసి, కాంపోజిట్ అనే పంటిరంగు మెటీరియల్ అతికించి, మెషీన్‌లో పెట్టి ఎంత బలానికి, ఎన్ని మెగాపాస్కల్స్ దగ్గర ఊడిందో రాసుకుంటారు. అది పనికిరాని పని అనను. కొత్త మెటీరియల్ మనిషి నోట్లోకి వెళ్ళే ముందు ల్యాబ్‌లో పరీక్ష జరగాల్సిందే. కానీ ముప్పై ఏళ్ళు గైడ్‌గా ఉండి నేను గమనించింది ఒకటుంది. చాలామంది ల్యాబ్ స్టడీ వైపు వెళ్ళేది అక్కడ మంచి ప్రశ్న ఉందని కాదు, పేషెంట్ మళ్ళీ రాడేమోనన్న భయంతో. డబ్బాలో ఉన్న పన్ను ఎక్కడికీ పోదు. కనిగిరి నుంచి వచ్చిన మనిషి పోతాడు.

నేను పీజీ చేసినప్పుడు క్లినికల్ స్టడీయే చేశాను, ముందు పళ్ళకు కాంపోజిట్ వెనీర్లు, అంటే పంటి ముందువైపు పల్చటి పూతలు, వేసి. మూడు నెలలకు చూసి, అన్నీ బాగున్నాయని రాసి, సంతకాలు పెట్టించుకున్నాను. ఆ పేషెంట్లలో కనిగిరి దగ్గరి పల్లె నుంచి వచ్చిన పంతొమ్మిదేళ్ళ అమ్మాయి ఉంది. బోరు నీళ్ళతో పళ్ళకు గోధుమరంగు చారలు పడ్డాయి. ఊళ్ళో వాళ్ళు గార పళ్ళంటారు గానీ అది తోమితే పోయే గార కాదు, ఫ్లోరైడ్ వల్ల పన్ను ఏర్పడేటప్పుడే పట్టిన మచ్చ. ఎప్పుడు నవ్వొచ్చినా చున్నీ నోటికి అడ్డం పెట్టుకునేది. పెళ్ళిచూపులు ఉన్నాయని వాళ్ళమ్మ తీసుకొచ్చింది. పైన ఆరు పళ్ళకు చేశాను. అద్దం చేతికిస్తే చాలాసేపు చూసుకుని ఏడ్చింది.

నాలుగేళ్ళ తర్వాత చంకలో బిడ్డతో వచ్చింది. అంచుల్లో పసుపు గీతలు, ఒక పన్ను మూల చితికి ఉంది. "మళ్ళీ చేయించుకుంటే ఎన్నేళ్ళుంటుంది డాక్టర్ గారూ?" అని అడిగింది. నా దగ్గర జవాబు లేదు. అదే పని మీద పట్టా తెచ్చుకున్నవాణ్ణి, నా పేషెంట్లలో మిగతావాళ్ళ పళ్ళు ఎలా ఉన్నాయో కూడా నాకు తెలియదు. ఎవరి చిరునామా రాసి పెట్టుకోలేదు. ఆ రోజు నుంచి థీసిస్ టాపిక్ పట్టుకొచ్చిన ప్రతి స్టూడెంట్‌నూ నేను అడిగిన మొదటి మాట అదే: నీ పేషెంట్ "ఎన్నేళ్ళుంటుంది?" అంటే దీనితో ఏమైనా చెప్పగలవా?

నీకూ ఫ్లోరైడ్ పళ్ళ మీదే చెయ్యమని నా సలహా. నువ్వు చదివే కాలేజీకి నల్గొండ వైపు నుంచి పేషెంట్లు వస్తారు, సెలవులకు వచ్చే ఒంగోలు చుట్టూ దర్శి, పొదిలి, కనిగిరి ఉన్నాయి. మన దేశంలో ఫ్లోరోసిస్, అంటే ఫ్లోరైడ్ ఎక్కువై వచ్చే జబ్బు, గురించి మొదట లోకానికి తెలిసింది ఈ ప్రాంతం వల్లే. ఇది నెల్లూరు జిల్లాలో, మద్రాసు ప్రెసిడెన్సీ కింద ఉన్న రోజుల్లో, 1937లో షార్ట్ అనే డాక్టరు, ఆయన తోటివాళ్ళు రాశారు. నల్గొండ పేరయితే పటికా సున్నంతో నీళ్ళలో ఫ్లోరైడ్ తగ్గించే పద్ధతికే పెట్టారు. మన వాళ్ళ నోళ్ళలో ఉన్న ప్రశ్నను మన వాళ్ళే అడగకపోతే జర్మనీలో కూర్చున్నవాళ్ళు ఎందుకడుగుతారు తల్లీ?

పైగా ఇందులో తేలాల్సిన విషయాలు చాలా ఉన్నాయి. 1955లో బ్యూనకోర్ అనే డెంటిస్టు ఎనామెల్ అనే పంటి పైపొర మీద ఫాస్ఫారిక్ యాసిడ్ పెడితే రెజిన్ అనే ప్లాస్టిక్ పదార్థం గట్టిగా పట్టుకుంటుందని చూపించాడు. మనం చేసే ప్రతి అతుకూ అక్కడి నుంచి వచ్చిందే. అంతకుముందు 1930ల్లో హాలీవుడ్‌లో పింకస్ అనే డెంటిస్టు సినిమా నటులకు వెనీర్లు తయారుచేసేవాడు. కట్టుడు పళ్ళకు వాడే పొడితో తాత్కాలికంగా అంటిస్తే షూటింగ్ అయ్యేదాకా నిలిచేవి, అంతే. ఫ్లోరోసిస్ పన్ను దగ్గర మనకు ఆ నిలిచే సమస్యే మళ్ళీ ఎదురవుతుంది. దాని పైపొర మామూలు ఎనామెల్ కంటే యాసిడ్‌కు మొండిగా ఉంటుంది. లోపలేమో గుల్లగా ఉంటుంది. మామూలు పన్నుకు పెట్టినంత సేపే యాసిడ్ పెడితే చాలా? ఇంకాస్త సేపు పెట్టాలా? పైపొర కొంచెం అరగదీయాలా? ల్యాబ్‌లో చాలామంది కొలిచారు. నోట్లో, రెండేళ్ళ తర్వాత ఏమైందన్నదే నాకు కావాలి.

ఒక్క హద్దు పెట్టుకో. పేషెంటు నోరు నీ థీసిస్ కోసం లేదు. తక్కువ కోసే వైద్యం నుంచి మొదలుపెట్టు. చారలు పైపైనే ఉంటే 1986లో క్రోల్ అనే డెంటిస్టు చెప్పిన మైక్రోఅబ్రేజన్‌తో, అంటే యాసిడ్ కలిపిన ప్యూమిస్‌తో రుద్దడంతో, చాలావరకు పోవచ్చు. తర్వాత బ్లీచింగ్. ఆ తర్వాత రెజిన్ ఇన్‌ఫిల్ట్రేషన్, అంటే గుల్ల ఎనామెల్‌లోకి పల్చటి రెజిన్ ఇంకించడం. అవి చాలనప్పుడే కాంపోజిట్ వెనీర్. రెండు గ్రూపులు సమానంగా రావాలని ఆరోగ్యంగా ఉన్న ఎనామెల్‌ను అరగదీసిన స్టడీని నేను ఎప్పుడూ సంతకం పెట్టి పంపలేదు. నువ్వూ అలాంటిది చెయ్యకు. క్యాపులు వేసేస్తే త్వరగా తెల్లగా కనిపిస్తాయి. కానీ ఇరవై ఏళ్ళ పిల్ల పన్ను ఒకసారి చెక్కాక మళ్ళీ పెరగదు.

కొలతల్లో పడే తప్పులు కొన్ని చెబుతాను, నా స్టూడెంట్లు పదే పదే పడినవే. పన్ను ఆరితే తెల్లగా కనిపిస్తుంది. ఉమ్మి తగలకుండా రబ్బర్ డ్యామ్ కట్టి గంటసేపు పనిచేశాక షేడ్, అంటే పంటి రంగు, చూస్తే నీ వైద్యం అద్భుతంలా ఉంటుంది, మర్నాటికి ఆ తెలుపులో కొంత ఉండదు. అందుకని మొదటి షేడ్ పని మొదలుపెట్టక ముందే, పన్ను తడిగా ఉన్నప్పుడే తీసుకో. "తర్వాత" ఫొటో కనీసం వారం ఆగి తియ్యి. ఒకే గది, ఒకే వెలుతురు, ఒకే దూరం. బ్లీచింగ్ చేసిన పన్నుకు వెంటనే కాంపోజిట్ పెట్టకు. లోపల మిగిలిన ఆక్సిజన్ రెజిన్‌ను సరిగ్గా గట్టిపడనివ్వదు, ఒకటి రెండు వారాలు ఆగాలి. ఈ ఒక్కటి మర్చిపోయి స్టడీ మొత్తం పాడుచేసుకున్న అమ్మాయి నాకు తెలుసు.

ఇరవై మంది పేషెంట్లకు ఆరేసి పళ్ళు చేస్తే నూట ఇరవై అని రాయాలనిపిస్తుంది. అది నూట ఇరవై కాదు. ఒకే నోట్లో ఆరు పళ్ళూ ఒకే అన్నం తింటాయి, ఒకే బ్రష్‌తో తోమించుకుంటాయి, ఒకే టీ తాగుతాయి. స్టాటిస్టీషియన్ దగ్గరికి డేటా అంతా అయ్యాక పరిగెత్తకుండా సినాప్సిస్‌కు ముందే వెళ్ళి, ఎంతమంది మనుషులు కావాలో అడుగు. చేసినవాళ్ళే పరీక్షించకూడదు, ఇద్దరు వేరేవాళ్ళు చూడాలి, ముందు ఓ పదిమందిని చూసి ఇద్దరి మార్కులూ కలుస్తున్నాయో లేదో తేల్చుకోవాలి. అతుకు ఎలా ఉందో మార్కులు వేసే పాత రైగీ పద్ధతిలో ఆల్ఫా, బ్రావో, చార్లీ అని మూడు గళ్ళలో సరిపెడతారు. అందమే ముఖ్యమైన చోట 2007లో వచ్చిన ప్రపంచ దంతవైద్యుల సమాఖ్య (ఎఫ్‌డీఐ) పద్ధతి మేలు. రంగు, మెరుపు, అంచుల మరక అన్నీ విడివిడిగా చూస్తుంది, పేషెంటు అభిప్రాయం కూడా అడుగుతుంది. ఆ అభిప్రాయాన్ని తెలుగులోనే అడుగు తల్లీ. కన్సెంట్ ఫారం కూడా చదివితే మీ అమ్మమ్మకు అర్థమయ్యే తెలుగులో ఉండాలి.

ఎథిక్స్ కమిటీ అనుమతి రాగానే, మొదటి పేషెంట్‌ను కుర్చీలో కూర్చోబెట్టక ముందే, సీటీఆర్‌ఐలో, అంటే మన దేశపు క్లినికల్ ట్రయల్స్ రిజిస్ట్రీలో, రిజిస్టర్ చెయ్యి. 2018 ఏప్రిల్ 1 నుంచి ముందుగా నమోదు చేసిన ట్రయల్స్‌నే తీసుకుంటున్నారు. తర్వాత చేద్దాంలే అనుకుంటే ఇక కుదరదు.

ఇక అసలు కష్టం, వాళ్ళు తిరిగి రావడం. ఒక్కొక్కరి దగ్గర రెండు ఫోన్ నంబర్లు తీసుకో, రెండోది ఇంట్లో పెద్దవాళ్ళదో పక్కింటివాళ్ళదో. బస్సు ఖర్చులు ఇస్తానని ఎథిక్స్ అప్లికేషన్‌లోనే రాసి అనుమతి తీసుకో. మిరపకాయ కోతల్లో, పత్తి తీతల్లో ఎవరినీ రమ్మనకు. రారు, రానందుకు సిగ్గుపడి ఆ తర్వాత కూడా రారు. సంక్రాంతికి బయటి ఊళ్ళ నుంచి అందరూ ఇంటికొస్తారు కాబట్టి ఏడాది చెకప్ ఆ చుట్టుపక్కల పడేలా మొదలుపెట్టు. వచ్చినవాళ్ళకు పళ్ళు క్లీన్ చేసి పంపు. థీసిస్ గడువుకు ఏడాది ఫాలోఅప్పే కుదిరితే అదే రాయి, దాచకు. కానీ కన్సెంట్‌లో ఐదేళ్ళ దాకా పిలుస్తానని రాసి పెట్టు. పట్టా వచ్చాక కూడా పిలువు.

చిన్నప్పుడు ఏ ఊళ్ళో ఏ నీళ్ళు తాగారో కూడా అడగాలి. పన్ను మచ్చ చెప్పేది ఇప్పటి నీళ్ళ గురించి కాదు, సుమారు ఎనిమిదేళ్ళ లోపు తాగిన నీళ్ళ గురించి. ఆ మాట అడిగినప్పుడు ఇంట్లో మిగతావాళ్ళ గురించి కూడా అడుగు. నేను అడగలేదు. ఆ కనిగిరి అమ్మాయి రెండోసారి వచ్చినప్పుడు వాళ్ళ తాత బయట బెంచీ మీద కూర్చుని ఉన్నాడు. మెడ తిప్పలేడు, నడుం వంగదు, పిలిస్తే ఒళ్ళంతా తిరగాల్సిందే. నేను ఆరు పళ్ళు చూశాను. ఆ మనిషి ఎముకల్లో ఉన్నదీ మనవరాలి పళ్ళ మీద ఉన్నదీ ఒకే బోరు నీళ్ళని నాకు అప్పుడు తట్టలేదు. ఆయనకు వేరే చోట నడుం నొప్పికి మాత్రలిస్తున్నారు. అంతమంది డాక్టర్లం ఉండి కూడా ఆ ఇంటిని ఇల్లుగా చూసినవాళ్ళు లేరు.

మీ తమ్ముడి ఫ్యామిలీ మెడిసిన్ మాట అందుకే నాకు నచ్చింది. "ఏ బ్రాంచీ రానివాళ్ళు తీసుకునేది" అని మీ నాన్న అంటున్నాడట. బావ మీద గౌరవంతోనే చెబుతున్నాను, అది నిజం కాదు. అమెరికాలో 1969లోనే దాన్ని ప్రత్యేక స్పెషాలిటీగా గుర్తించారు, అక్కడ రెసిడెన్సీ మూడేళ్ళు. మన దగ్గర డీఎన్‌బీ అనే జాతీయ బోర్డు పీజీ మూడేళ్ళు, కొన్ని కాలేజీల్లో ఎండీ కూడా ఉంది. నార్వేలో దాదాపు 45 లక్షల మంది రికార్డులు చూసి 2022లో ఒక స్టడీ అచ్చువేశారు. పదిహేనేళ్ళకు పైగా ఒకే ఫ్యామిలీ డాక్టర్ దగ్గరికి వెళ్ళినవాళ్ళలో, ఆ డాక్టర్‌తో ఏడాదే పరిచయం ఉన్నవాళ్ళతో పోలిస్తే, మరణాలు పాతిక శాతం దాకా తక్కువ. అది కేవలం పరిచయం వల్లే అని ఆ లెక్క రుజువు చెయ్యదు గానీ, తేలిగ్గా తీసిపారేసే లెక్క కాదు. అక్కడ కూడా ప్రశ్న అదే చూడు, ఎన్నేళ్ళు?

వేల్స్‌లో గ్లిన్‌కోరగ్ అనే బొగ్గు గనుల పల్లెలో జూలియన్ ట్యూడర్ హార్ట్ అనే ఫ్యామిలీ డాక్టరు ఉండేవాడు. జబ్బని వచ్చినా రాకపోయినా ఊళ్ళో పెద్దవాళ్ళందరికీ బీపీ చూసి రాసుకున్నాడు, ఏళ్ళ తరబడి వాళ్ళ వెంట ఉన్నాడు. వైద్యం ఎక్కువ అవసరమున్న చోటే అది తక్కువగా దొరుకుతుందని 1971లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో రాశాడు. ఆ మాట ఇప్పటికీ ప్రపంచమంతా వాడుకుంటోంది. పెద్ద ఇన్‌స్టిట్యూట్ లేదు ఆయనకు, తిరిగి వచ్చే మనుషులున్నారు.

వాడికి ఒక్కటే జాగ్రత్త చెప్పు. సీటు తీసుకునే ముందు ఆ ఆసుపత్రికి వెళ్ళి, అక్కడ చదువుతున్న పిల్లల్ని అడగాలి. కాన్పులు చేయిస్తారా, పసిపిల్లల వార్డులో నిలబెడతారా, చిన్న చిన్న ఆపరేషన్లు చేతికిస్తారా, ఒకే కుటుంబాన్ని ఏడాది పాటు చూసే వీలుంటుందా అని. డ్యూటీ డాక్టర్ కొరత తీర్చుకోవడానికి సీట్లు పెట్టిన చోటయితే వద్దు. ఈ సెలవుల్లో నెల రోజులు మా వీధి చివరి క్లినిక్‌లో, మూడు తరాల్ని చూసిన ఆ పెద్దాయన పక్కన కూర్చోమను. నేను మాట్లాడాను, రమ్మన్నాడు.

నీ సినాప్సిస్ మొదటి పేజీ ఆదివారంలోగా పంపు. అందులో పేషెంట్ వివరాల ఫారంలో, చిరునామా కింద ఒక గడి ఖాళీగా ఉంచు: ఇంట్లో నడుం వంగని పెద్దవాళ్ళు ఎవరైనా ఉన్నారా? ఉన్నారంటే తమ్ముడి నంబరు ఇవ్వు.

మీ అమ్మను అడిగానని చెప్పు.

ఇట్లు,
మీ మామయ్య