వినేవాళ్ళ కోపానికి భయపడకు

చిరంజీవి అమ్మాయికి పెద్దమ్మ ఆశీస్సులు.

భర్త చెయ్యెత్తకుండా మాటలతోనే భార్యని గుప్పిట్లో పెట్టుకునే కథతో నువ్వు రాస్తున్న రేడియో సీరియల్, పంపిన ఎపిసోడ్లన్నీ విన్నాను. వాటి మీద మీ స్టేషన్ ఫోనుకు వచ్చిన వాయిస్ మెసేజ్‌లూ విన్నాను. "ఎంతకాలం సాగదీస్తారు", "ఆ పిల్లకి తెలివి లేదా, పుట్టింటికి పోవచ్చుగా", "మగాళ్ళంటే మీకంత కక్ష ఏంటి" అని వరసగా వస్తుంటే టెన్షన్ రావడం సహజమే. స్టేషన్‌లో పెద్దవాళ్ళు కథ తొందరగా తేల్చేయమంటున్నారనీ, వచ్చే వారం భర్త చెయ్యి చేసుకునే సీను ఒకటి పెట్టి, దాంతో ఆ అమ్మాయిని బయటికి తెచ్చేద్దామా అనీ అడిగావు. వద్దమ్మా. ఎందుకు వద్దంటున్నానో కాస్త వివరంగా రాస్తాను, ఓపిగ్గా చదువు.

ఆకాశవాణి నాటక విభాగంలో పనిచేసినన్నాళ్ళూ శ్రోతల ఉత్తరాలు వదలకుండా చదివేదాన్ని. కానీ సరిగ్గా నువ్వు రాస్తున్న లాంటి కథకి జనం ఎలా స్పందిస్తారో దగ్గర నుంచి చూసింది మాత్రం రిటైరయ్యాకే, 2016లో మీ అక్క పురిటికి ఇంగ్లండు వెళ్ళినప్పుడు. అక్కడ బీబీసీ రేడియో 4లో 'ది ఆర్చర్స్' అనే సీరియల్ వస్తుంది. 1951 జనవరి 1 నుంచి దేశమంతా వింటోంది. యుద్ధం అయిపోయినా తిండికి కటకటగా ఉన్న రోజుల్లో, రైతులకు కొత్త పద్ధతులు కథలో కలిపి చెప్పడానికి మొదలుపెట్టారట. మన పాడిపంటల కార్యక్రమం ఉద్దేశం లాంటిదే. ఆంబ్రిడ్జ్ అనే కల్పిత పల్లెటూరు, అక్కడి పాడి, పొలాలు, చర్చి, ఒక పబ్బు. సాయంత్రం ఏడింటి వార్తలు కాగానే పదమూడు నిమిషాలు వస్తుంది. సరిగ్గా రాత్రి వంట టైము. మీ అక్క పక్కింటావిడ కూరలు తరుగుతూ వినేది, నేనూ అక్కడే కూర్చుని వినేదాన్ని.

ఆ ఊళ్ళో హెలెన్ ఆర్చర్ అని ఒక అమ్మాయి. వాళ్ళ కుటుంబానికి పాడి ఉంది, ఈ పిల్ల చీజ్ తయారు చేస్తుంది, ఒంటరిగా ఒక కొడుకుని పెంచుకుంటోంది. 2013లో రాబ్ టిచెనర్ అనేవాడు కథలోకి వచ్చాడు. మర్యాదస్తుడు, మాట మెత్తన. పిల్లాడితో ఆడతాడు, హెలెన్ తల్లికి అల్లుడంటే ఎంత నమ్మకమో. అక్కడి నుంచి రెండున్నరేళ్ళు, చాలా నెమ్మదిగా, ఆ అమ్మాయి చుట్టూ ఉన్న ఒక్కొక్క తలుపూ మూసేశాడు. బయటికి వెళ్ళడానికి డ్రెస్ వేసుకుంటే అది నప్పలేదన్నట్టు ఒక మాట. కారు చిన్నగా తగిలితే ఇక నువ్వు నడపకపోవడమే మంచిదని, అదీ ఆమె క్షేమం కోసమే అన్నట్టు. ప్రాణస్నేహితురాలు కిర్‌స్టీని దూరం పెట్టించాడు. హెలెన్‌కి గతంలో తిండి విషయంలో ఒక మానసిక సమస్య ఉండేది, దాన్ని పట్టుకుని ఆమె మతి సరిగా లేదని ఆమెనే నమ్మించాడు. గట్టిగా అరవడం చాలా తక్కువ.

జనం మొదట ఏమన్నారో తెలుసా? నీకు వచ్చిన మాటలే. సాగదీస్తున్నారన్నారు. పాడీపంటా వినడానికి రేడియో పెడితే ఈ నరకం ఏంటన్నారు. వినలేక రేడియో కట్టేసినవాళ్ళున్నారు. ఆ పక్కింటావిడే ఒకరోజు కత్తి కింద పెట్టి "ఈ పిల్లకి నోరు లేదా" అని రేడియో వంక చూసి గట్టిగా అరిచింది. మర్నాడు ఏడింటికి మళ్ళీ రేడియో పెట్టింది.

ఈ కోపం ఎక్కడి నుంచి వస్తుందో నువ్వు బాగా అర్థం చేసుకోవాలి. రేడియోలో వినేవాడు ఆ ఇంట్లో నాలుగో మనిషి లాంటివాడు. రాబ్ గదిలో తలుపేసుకుని ఏమంటాడో హెలెన్ తల్లికి తెలియదు, ఊరికి తెలియదు, వినేవాడికి మాత్రమే తెలుసు. తెలిసీ చెప్పలేడు. మర్నాడు ఊళ్ళోవాళ్ళు "ఎంత మంచి మొగుడో" అంటుంటే వినేవాడికి ఒళ్ళు మండిపోతుంది. ఒంటి మీద దెబ్బ ఉంటే టీవీ బాగా చూపిస్తుంది. దెబ్బ లేని హింసకి రేడియోని మించినది లేదని నా నమ్మకం. మాట, మాటకీ మాటకీ మధ్య ఆగడం, ఆమె జవాబు రోజురోజుకీ పొట్టిదైపోవడం, అంతే కావాలి. నీ మూడో ఎపిసోడ్‌లో ఆ భర్త "నీకెందుకు టెన్షన్, నేను చూసుకుంటాగా" అని ఏటీఎం కార్డు తన పర్సులో పెట్టుకునే చోట, పర్సు జిప్పు చప్పుడు ఒక్కటీ వినిపించి వదిలేశావు చూడు, నాకు వెన్ను జలదరించింది. అలాంటివి ఇంకో పది రాయగలవు నువ్వు. ఫోన్ లాక్ తెలిసి ఉండటం, లొకేషన్ పెట్టమనడం, "మీ అమ్మతో రోజూ ఏం మాట్లాడతావ్" అని నవ్వుతూ అడగడం. చెంపదెబ్బ పెట్టావంటే ఇవన్నీ వెనక్కి పోతాయి. కొట్టడం మొదలుపెట్టాకే అది హింస అని వినేవాళ్ళకి నువ్వే చెప్పినట్టవుతుంది. మా ఆయన చెయ్యెత్తడు కాబట్టి నాది కష్టం కాదు అనుకుని బతికేస్తున్నవాళ్ళ కోసమే కదా ఈ సీరియల్.

అక్కడి కథలో కత్తి వచ్చిన మాట నిజమే. 2016 ఏప్రిల్ 3 ఎపిసోడ్‌లో, నిండు గర్భిణి అయిన హెలెన్ వెళ్ళిపోతానంటే రాబ్ వెళ్ళనివ్వలేదు. కొడుకు గదిలోకి వచ్చాడు, ఆ పెనుగులాటలో రాబ్‌ని పొడిచింది. మర్నాడు పేపర్ల నిండా అదే. ఆమెని జైల్లో పెట్టడం, అప్పుడే రెండో బిడ్డ పుట్టడం, సెప్టెంబర్ 11న గంటసేపు వచ్చిన ప్రత్యేక ఎపిసోడ్‌లో జ్యూరీ ఆమె నిర్దోషి అని తేల్చడం, అన్నీ దేశమంతా విన్నది. నాకు మాత్రం ఇప్పటికీ గుర్తుండిపోయింది ఆ డ్రెస్ గొడవే. కత్తి దాకా పోయే కాపురాలు తక్కువ. డ్రెస్ దగ్గర, ఫోన్ దగ్గర జీవితమంతా గడిచిపోయే కాపురాలు మన చుట్టూనే ఎన్నో ఉన్నాయి.

ఇప్పుడు అసలు సంగతి. ఆ కోపం ఊరికే పోలేదు. 2016 ఫిబ్రవరిలో ఒక శ్రోత, కథలో మనిషికి సాయం చెయ్యలేం, నిజం మనుషులకి చెయ్యొచ్చు కదా అని హెలెన్ పేరు మీద ఆన్‌లైన్‌లో విరాళాల పేజీ తెరిచాడు. డబ్బు రెఫ్యూజ్ అనే సంస్థకి, ఇళ్ళలో హింస పడే స్త్రీలకి తలదాచుకునే చోటిచ్చే సంస్థకి. తీర్పు వచ్చేనాటికి అది లక్షన్నర పౌండ్లు దాటింది. ఎక్కువమంది ఇచ్చింది చిన్న చిన్న మొత్తాలే. "నేను బయటపడ్డాను, ఇంకా పడనివాళ్ళ కోసం" అన్న అర్థం వచ్చేలా ఎందరో ఆడవాళ్ళు ఆ పేజీలో రాశారు. ఆ పేజీ తెరిచినది ఒక మగ శ్రోత అని, కక్ష అంటున్న మీ ఊరి పెద్దమనిషికి చెప్పు. చెప్పి ఊరుకో, వాదన పెట్టుకోకు. దానికి బదులు కథలో ఒక మగవాడు గమనించేలా రాయి. ఆ అమ్మాయి తండ్రో, కిరాణా కొట్టు అతనో. ఉపన్యాసం ఇవ్వనక్కర్లేదు, "ఏమ్మా, ఈ మధ్య నువ్వు రావట్లేదు, చీటీ పంపిస్తున్నారు" అని అడిగితే చాలు.

అంటే వాళ్ళ కోపాన్ని చల్లార్చడానికి కథ తొందరపెట్టకు, కానీ ఆ కోపం పోవడానికి ఒక దారి తప్పకుండా ఉంచు. బీబీసీ వాళ్ళు కథ రాసేటప్పుడే ఇలాంటి స్త్రీలతో పనిచేసే సంస్థల సలహా తీసుకున్నారు, ఎక్కడ సాయం దొరుకుతుందో చెప్పారు. కాలం కూడా కలిసొచ్చింది. కథ నడుస్తుండగానే, 2015 డిసెంబర్ 29 నుంచి, ఇంగ్లండు, వేల్స్‌లో భార్యనో భర్తనో ఇలా గుప్పిట్లో పెట్టుకుని బతకనివ్వకపోవడమే నేరమైంది. ఐదేళ్ళ దాకా జైలు. దెబ్బ ఉండాల్సిన పని లేదు. మన దగ్గర 2005 నాటి గృహహింస చట్టం ఉంది, 2006 నుంచి అమల్లో ఉంది. మాటలతో అవమానించడం, మానసికంగా వేధించడం, డబ్బు చేతికి ఇవ్వకపోవడం, అన్నీ అందులో హింస కిందకే వస్తాయి. ఇల్లు భర్త పేరు మీదే ఉన్నా ఆ ఇంట్లో ఉండే హక్కు భార్యకి ఉంది. ఈ సంగతి మీ ఊళ్ళో ఎంతమందికి తెలుసో ఒకసారి అడిగి చూడు. కథలో అంగన్‌వాడీ టీచర్ పాత్ర ఎలాగూ ఉంది, ఆవిడ నోట ఒక్క వాక్యంలో చెప్పించు.

మహిళల హెల్ప్‌లైన్ 181 నంబరు ప్రతి ఎపిసోడ్ చివరా చదువు. కథలో గొడవ ఉన్న రోజే చదవకు, ప్రతిరోజూ, పంటల ధరలు చదివినంత మామూలుగా చదువు. వినే అమ్మాయి పక్కనే ఆ మొగుడు కూర్చుని ఉండొచ్చు. రోజూ వచ్చేదైతే అతను పట్టించుకోడు, ఆమెకి నోటికి వచ్చేస్తుంది. రాసుకోవాల్సిన పని కూడా ఉండదు. దాంతోపాటు హింస పడే ఆడవాళ్ళకి సాయం చేసే సఖి కేంద్రం మీ జిల్లాలో ఎక్కడుందో, ఏ బస్సు దిగాలో చెప్పు.

శ్రోతలు ఒకరి మాట ఒకరు వింటే ఎంత దూరం పోతారో మన దేశంలోనే ఉదాహరణ ఉంది. 1996లో ఆకాశవాణి హిందీలో 'తిన్‌కా తిన్‌కా సుఖ్' అని ఒక సీరియల్ వచ్చింది. అందులో పూనమ్ అనే కొత్త కోడలు కట్నం వేధింపులకి ప్రాణం తీసుకుంటుంది. ఉత్తరప్రదేశ్‌లో లుత్సాన్ అనే ఊరి జనం అది విని, ఒక పెద్ద కాగితం మీద ఇక కట్నాలు ఇవ్వం, తీసుకోం అని రాసి, 184 మంది సంతకాలు, వేలిముద్రలు పెట్టి ఆకాశవాణికి పంపారు. అక్కడ జనం గుంపుగా కూర్చుని విన్నారు, విన్నాక మాట్లాడుకున్నారు. నువ్వూ నెలకోసారి ఏదో ఒక ఊళ్ళో, డ్వాక్రా సంఘం మీటింగ్ అయ్యాక పావుగంట అడుగు. సీరియల్ వినిపించి నువ్వు మాట్లాడకుండా కూర్చో. "ఆ పిల్ల ఎందుకు వెళ్ళిపోదు" అని ఒకామె అడుగుతుంది. జవాబు ఇంకొకామె చెబుతుంది. ఎక్కడికి పోతుంది, చేతిలో రూపాయి ఏది, పిల్లల్ని ఇవ్వనంటాడు, అమ్మ సర్దుకుపొమ్మంటుంది అని. నువ్వు స్క్రిప్టులో రాయలేని మాటలు అక్కడ దొరుకుతాయి.

చివరగా ఒక రకం మెసేజ్‌ల గురించి. నువ్వు పంపిన వాటిలో అలాంటిది ఒకటి ఉంది, గమనించావో లేదో. పొద్దున పదకొండు గంటలకి వచ్చింది, చాలా చిన్న గొంతు, "మీ కథ మా ఇంట్లో జరుగుతున్నట్టే ఉందండీ" అని, వెంటనే కట్. ది ఆర్చర్స్‌కి కూడా ఇలాంటివి ఎన్నో వచ్చాయి. ఏళ్ళ తరబడి కాపురం చేసి, రాబ్ గొంతు విన్నాకే తమకి జరుగుతున్నది ఏంటో తెలిసిందని చెప్పినవాళ్ళున్నారు. నీ సీరియల్ ఉన్నదే ఆ గొంతు కోసం. ఆమె విషయంలో చాలా జాగ్రత్తగా ఉండు.

ఆ నంబరుకి తిరిగి వాయిస్ మెసేజ్ పంపకు, వివరంగా ఏమీ టైప్ చెయ్యకు. ఆ ఫోన్ ఆమె చేతిలోనే ఉంటుందని నమ్మకం లేదు. ఆమె మళ్ళీ చేస్తే మొదట "ఇప్పుడు మాట్లాడొచ్చామ్మా?" అని అడుగు, కుదరకపోతే రాంగ్ నంబర్ అని పెట్టేయమను. మాట్లాడితే విను, మధ్యలో తీర్పు చెప్పకు. వెంటనే ఇల్లు వదిలి వచ్చేయమని మాత్రం అనొద్దు. బయటికి వచ్చే సమయమే చాలామందికి ప్రమాదం ఎక్కువ. ఆధార్, పిల్లల సర్టిఫికెట్లు, కాస్త డబ్బు, వెళ్ళే చోటు, ఇవన్నీ చూసుకుని 181 వాళ్ళ సాయంతో కదలాలి. ఆమె గొంతు మార్చి అయినా సరే ప్రసారం చెయ్యకు. చిన్న ఊళ్ళలో దగ్గు విని కూడా మనిషిని గుర్తుపడతారు. ఆమె చెప్పిన సంగతి కథలో వాడుకోవాలనిపిస్తే కనీసం రెండు మూడు వివరాలు పూర్తిగా మార్చు. ఆ ఫోన్ ఎత్తే మనిషి ఒక్కరే ఉండాలి, ఆడమనిషి, నోరు కాచుకునే మనిషి. ఈ ఒక్క విషయంలో మీ స్టేషన్ పెద్దవాళ్ళతో పట్టుపట్టు.

ఇంకోటి, కథ ముగింపు అప్పుడే ఆలోచించకు. ఆ అమ్మాయి బయటికి వచ్చాక కూడా రాయాల్సింది ఉంటుంది. అక్కడ తీర్పు వచ్చి ఏడేళ్ళయ్యాక, 2023లో రాబ్ మళ్ళీ ఊళ్ళోకి వచ్చాడు, హెలెన్ భయం మళ్ళీ లేచింది. ఇన్నేళ్ళకా అన్నవాళ్ళు ఉన్నారు, అవును ఇలాగే ఉంటుంది అన్నవాళ్ళూ ఉన్నారు. నీ కథలో భర్తకి రెండు ఎపిసోడ్లలో పశ్చాత్తాపం తెప్పించి, కాళ్ళ మీద పడేసి కలిపెయ్యమని నీకు తప్పకుండా సలహాలు వస్తాయి. వినకు. ఆ చిన్న గొంతు ఆ ఎపిసోడ్ విని, ఇంకొన్నాళ్ళు ఓపిక పడితే మా ఆయనా మారతాడు అనుకుంటుంది.

వచ్చే వారం స్క్రిప్టు రికార్డింగ్‌కి ముందే పంపు. ముఖ్యంగా పండక్కి పుట్టింటికి వచ్చి, అమ్మ ముందు అన్నీ బాగున్నాయని చెప్పే సీను. తల్లి పాత్రకి ఎవరిని అనుకుంటున్నావో కూడా రాయి. పెద్ద గొంతు ఉన్నవాళ్ళు వద్దు.

ఉంటాను.

మీ పెద్దమ్మ