హోబార్ట్ కంపెనీ అంట్లు కడిగే యంత్రాల్లోకి ఎలా వచ్చింది?

హోటళ్ల వంటగదుల్లో కనిపించే హోబార్ట్ పేరు అమెరికాలోని ఒహాయో రాష్ట్రం, ట్రాయ్ పట్టణంలో పుట్టిన ఒక కంపెనీది. 1897లో మొదలైన ఈ సంస్థ పిండి కలిపే యంత్రాలతో పేరు తెచ్చుకుంది. అంట్లు కడిగే యంత్రం మాత్రం వాళ్లు కనిపెట్టింది కాదు. బాగా పనిచేసి, అమ్ముడుపోయిన మొదటి యంత్రాన్ని చేసిన ఘనత జోసెఫీన్ కాక్రన్‌ది, ఆమె పేరు తప్పక చెప్పుకోవాలి.

ఇల్లినాయ్‌లోని షెల్బీవిల్‌లో ఉండే ఆమెకు పనివాళ్ల చేతుల్లో పింగాణీ పళ్లాల అంచులు విరిగిపోవడం బాధగా ఉండేది. 1883లో భర్త పోయాడు, అప్పులు మిగిలాయి. అయినా పట్టు వదల్లేదు. పళ్లాలు, కప్పుల కొలతలు తీసి, వాటికి సరిపడే తీగ అరలు చేయించింది. ఆ అరలను ఒక చక్రానికి అమర్చి రాగి బాయిలర్‌లో పడుకోబెట్టింది. చక్రం తిరుగుతుంటే వేడి సబ్బునీళ్లు పాత్రల మీదికి చిమ్ముతాయి. అంతకు ముందరి కొన్ని యంత్రాలు బ్రష్షులతో తోమేవి. నీటి ఒత్తిడితోనే కడగడం ఇక్కడి అసలు కిటుకు, నేటి యంత్రాల్లోనూ సూత్రం అదే.

1886 డిసెంబరు 28న పేటెంటు వచ్చింది. 1893 షికాగో ప్రపంచ ప్రదర్శనలో ఈ యంత్రాలు పెద్ద వంటశాలల్లో పనిచేశాయి. కొన్నది ఎక్కువగా హోటళ్లే; యంత్రానికి సరిపడా వేడినీళ్లు చాలా ఇళ్లలో ఉండేవి కావు.

ఆమె 1913లో కన్నుమూసింది. ఈ యంత్రాలు తయారుచేసే ఆమె కంపెనీని 1926లో హోబార్ట్ కొనుక్కుంది. ఇళ్ల కోసం హోబార్ట్ వాళ్ల కిచెన్‌ఎయిడ్ పేరుతో డిష్‌వాషర్ 1949లో వచ్చింది.