ఇంట్లో వాయించుకోవడానికి ఎన్ని వాట్ల గిటార్ యాంప్ కావాలి? నా దగ్గరున్న నాలుగూ పోల్చి చెబుతున్నాను

విజయనగరంలో అద్దింట్లో ఉంటున్నారు, ఎలక్ట్రిక్ గిటార్ కొన్నారు, దాని మీద కర్ణాటక సంగీతం కూడా పలికించాలని ఉంది. పది వాట్ల యాంప్ (గిటార్ మోత పెంచే యాంప్లిఫయర్ పెట్టె) సరిపోతుందా, యాభై వాట్లది తీసుకోవాలా అని అడిగారు.

నాదీ ఇదే ఊరు. కోటకి దగ్గర్లో, గోడకి గోడ ఆనుకున్న ఇల్లు. నా దగ్గర నాలుగు యాంపులున్నాయి: ఫెండర్ ఫ్రంట్‌మ్యాన్ 10జీ, రోలాండ్ మైక్రో క్యూబ్ జీఎక్స్, వాక్స్ ఏసీ15, బాస్ కటానా 50. మీ ప్రశ్న చూశాక నాలుగింటినీ ఒకే గదిలో పెట్టి, అదే గిటార్, అదే కేబుల్‌తో తోడి రాగంలోని గాంధారాన్ని, అంటే 'గ' స్వరాన్ని, తీగ లాగి ఊపుతూ వాయించి చూశాను. యాంప్‌కి ఇంతకంటే గట్టి పరీక్ష నాకు తెలీదు.

ద్వారం వెంకటస్వామినాయుడు గారు ఫిడేలు నేర్పిన ఊరు మనది. ఫిడేలుకి కమాను ఉంది, లాగినంతసేపూ నాదం సాగుతుంది. గిటార్‌కి అది లేదు. మీటిన క్షణం నుంచే స్వరం చచ్చిపోవడం మొదలవుతుంది. మాండొలిన్ శ్రీనివాస్ గారు మామూలు మాండొలిన్ వదిలి ఎలక్ట్రిక్ మాండొలిన్ పట్టుకున్నది కూడా నాదం నిలవడం కోసమే. కాబట్టి మీరు చూడాల్సింది వాట్లు కావు. మీ ఇంట్లో పెట్టుకోగలిగినంత చిన్న సౌండులో గమకం, అంటే స్వరాన్ని ఊపడం, పూర్తయ్యేదాకా స్వరం నిలుస్తుందా లేదా అన్నదే చూడాలి.

ఫ్రంట్‌మ్యాన్ పది వాట్లది, ఆరంగుళాల స్పీకరు. క్లీన్‌లో, అంటే స్వరం చిట్లకుండా పెట్టినప్పుడు, శుభ్రంగా పలుకుతుంది గానీ గాంధారం రెండో ఊపుకే ఆరిపోయింది. స్వరాన్ని కావాలని చిట్లించే ఓవర్‌డ్రైవ్ బటన్ నొక్కితే స్వరం నిలుస్తుంది, కానీ తేనెటీగ మోతలో గమకం అంచులు చెరిగిపోతాయి. గిటార్ లావు తీగ 82 హెర్ట్జ్ దగ్గర మోగుతుంది. అంత చిన్న స్పీకరు ఆ మంద్రాన్ని నిండుగా ఇవ్వలేదు. వేళ్లు తిరగడానికి సాధన చేసుకోవడానికైతే చాలు.

వాక్స్ ఏసీ15 నా ప్రాణం. ఆ మోడల్ 1958 నాటిది, ఇంగ్లండులో పుట్టింది. నాది ఇప్పటి తయారీ, పన్నెండంగుళాల స్పీకరు. పాత వాల్వు రేడియోల్లో వెలిగేవి చూశారా, అలాంటి గాజు వాల్వులే ఇందులోనూ ఉంటాయి. వాల్యూమ్ సగం దాటించాక ఆ వాల్వులు మెల్లగా బరువెక్కుతాయి: మీటిన దెబ్బ అణుగుతుంది, వెనకాల వచ్చే నాదం తేలుతుంది. గాంధారం నాలుగు ఊపులు ఊగి, షడ్జం ('స') మీదకి దిగేదాకా బతికే ఉంది. ఆ క్షణం కోసమే నేను గిటార్ పట్టుకుంటాను. కానీ పదిహేను వాట్ల వాల్వు యాంప్ అక్కడిదాకా వచ్చేసరికి కిటికీలు అదురుతాయి. "ఏటిరా ఆ గోల, పక్కింటి గుంటడు నిద్దరోతన్నాడు" అని మా అమ్మ వంటింట్లోంచి కేకేసింది. మాస్టర్ వాల్యూమ్ (బయటికొచ్చే మోతని అదుపు చేసే నాబ్) తగ్గించి వాయించొచ్చు గానీ, అప్పుడు చివరి వాల్వుల మీద బరువు పడదు, ఆ నిండుతనం రాదు.

వాట్ల లెక్కలో మోసపోకండి. వాట్లు పది రెట్లయితే గానీ చెవికి మోత రెండింతలనిపించదు. యాభై వాట్లదానికీ పది వాట్లదానికీ తేడా మీరనుకున్నంత ఉండదు.

కటానా 50లో వాల్వులు లేవు. కానీ వెనకో ముందో కాదు, పైనే ఒక స్విచ్చు ఉంది: అర వాటు, ఇరవై అయిదు, యాభై. అర వాటులో పెట్టి, కొద్దిగా చిట్లే క్రంచ్ సౌండు తీసుకుని, గెయిన్ (ఆ చిట్లడాన్ని పెంచే నాబ్) కొంచెమే ఇచ్చి వాయించాను. పక్క గదిలో టీవీ చూసేవాళ్లకి అడ్డం రాలేదు, గాంధారం మూడు ఊపులు నిలిచింది. వాక్స్ ఇచ్చే తడి ఇందులో లేదు, అది ఒప్పుకోవాలి. అయినా మీ ఇంటికి నేను చెప్పేది ఇదే. రేపు ఎక్కడైనా బ్యాండుతో వాయించాలన్నా యాభైలో పెడితే చిన్న హాలుకి సరిపోతుంది.

మైక్రో క్యూబ్ మూడు వాట్లది, ఆరు పెన్సిల్ బ్యాటరీలతో నడుస్తుంది. 2014 అక్టోబరులో హుద్‌హుద్ తుపాను వచ్చి మా వీధిలో రోజుల తరబడి కరెంటు లేనప్పుడు, చీకట్లో మేడ మీద కూర్చుని వాయించుకున్నది దీంతోనే. దాన్ని ఎప్పటికీ అమ్మను.

ఒక హెచ్చరిక. నా ఫ్రంట్‌మ్యాన్‌ని మా బావ అమెరికా నుంచి తెచ్చాడు. అక్కడ 120 వోల్టులు, మనకి 230. చూసుకోకుండా ప్లగ్గు పెట్టాను, లోపలి ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోయింది. విశాఖలో మార్పించేదాకా నెల రోజులు మూలన పడుంది. ఎవరైనా అక్కణ్ణుంచి తెస్తామంటే వెనక రాసున్న వోల్టేజీ ముందే ఫొటో తీసి పంపమనండి.

కొనేముందు మీ గదిలో మూడు పిన్నుల సాకెట్‌కి ఎర్త్ నిజంగా ఉందో లేదో ఎలక్ట్రీషియన్ చేత చూపించండి. మా ఇంట్లో ఎర్త్ లేనన్నాళ్లూ ప్రతి యాంపూ గుయ్యిమంటూనే ఉండేది, తీగల మీద చెయ్యి పెడితే చిన్నగా జిల్లుమనేది కూడా.