మా ఇద్దరినీ కలిపింది ఒక దొంగ

"ముప్పై దాటాక కూడా వీడియో గేముల్లోని పాత్రల గురించి, విదేశీ నవలల గురించి గంటలకొద్దీ మాట్లాడుకునే స్నేహితులు నిజంగా ఉంటారా? హైదరాబాద్‌లో అలాంటివాళ్లు ఎక్కడ దొరుకుతారు?" అని మీరు అడిగారు.

ఉంటారు. నాకు మూసారాంబాగ్‌లో దొరికింది, ఉద్యోగాలు చేసుకునే ఆడవాళ్ల హాస్టల్లో, రాత్రి పదిన్నరకు, సీరియళ్లన్నీ అయిపోయాక.

అది 2018 వానాకాలం. నేను ఒక జూనియర్ కాలేజీలో పాఠాలు చెప్పేదాన్ని. పక్క గదిలో ఉండే అమ్మాయి బ్యాంకు ఉద్యోగి, సొంత ఊరు నిజామాబాద్. ఆరు నెలలుగా ఒకే వరండాలో బట్టలు ఆరేసుకుంటున్నా, "బకెట్ ఖాళీగా ఉందా?" అన్న మాట దాటి మా మధ్య సంభాషణ సాగలేదు. ఆమె తన గేము పెట్టెను హాల్లోని టీవీకి తగిలించుకుని ఆడుతుందని అందరికీ తెలుసు. సీరియళ్లు అయ్యాకే ఆడాలని హాస్టల్ ఆంటీ షరతు పెట్టారు. సౌండ్ బాగా తగ్గించి, నేల మీద చాప పరుచుకుని కూర్చునేది.

ఆ రాత్రి మంచినీళ్ల సీసా నింపుకోవడానికి హాల్లోకి వెళ్లాను. ఫిల్టరు కుళాయి తిప్పి టీవీ వైపు చూశాను. ఏదో కోటలో ఒక కుర్రవాడు. ముఖానికి అతుక్కుపోయిన ముసుగును రెండు చేతులతో పెరికేస్తున్నాడు. చర్మం ఊడి వచ్చినట్టు రక్తం కారుతోంది. ముసుగు ఊడగానే నీలి మంటలు లేచాయి. ఆ మంటల్లోంచి అతని వెనక పొడుగు టోపీ, నల్లని రెక్కలతో ఒక ఆకారం నిలబడింది. తెర మీద పేరు పడింది: ఆర్సేన్.

సీసా నిండి నీళ్లు పాదాల మీద పడుతున్నాయి. "ఆయన నాకు తెలుసు" అన్నాను.

ఆమె ఆట ఆపింది. "ఎవరు? ఈ అబ్బాయా?"

"కాదు, వెనక ఉన్న టోపీ ఆయన."

గదికి వెళ్లి పుస్తకం తెచ్చాను. ఆబిడ్స్‌లో ఆదివారం మూసిన దుకాణాల ముందు పేవ్‌మెంట్ మీద పాత పుస్తకాలు పరుస్తారు కదా, అక్కడ నలభై రూపాయలకు కొన్న ఇంగ్లిషు అనువాదం. ఫ్రెంచి రచయిత మోరిస్ లెబ్లాఁ సృష్టించిన పెద్దమనిషి దొంగ ఆర్సేన్ లుపాఁ కథలు. దొంగతనానికి వచ్చే ముందే వస్తున్నానని చీటీ రాసి పంపే మనిషి. ఆమె వెంటనే "మా వాళ్లు కూడా పంపుతారు!" అంది. మా వాళ్లు అంటే ఆ ఆటలోని విద్యార్థులు. ఆట పేరు పెర్సోనా 5, జపాన్‌లో 2016లో వచ్చింది. అన్యాయం చేసే పెద్దల మనసుల్లోకి చొరబడి, వాళ్ల వక్రమైన కోరికలను దొంగిలించే పిల్లల కథ. ఒక్కొక్కరిలో అణిగి ఉన్న తిరుగుబాటు ఒక్కొక్క రూపం దాల్చి బయటికి వస్తుంది. ఆ కుర్రవాడిలోంచి వచ్చిన రూపం లుపాఁ.

రాత్రి రెండింటి దాకా కూర్చున్నాం. ఆట మొదట్లోనే ఆ కుర్రవాడు పోలీసులకు దొరికిపోతాడట. విచారణ గదిలో కూర్చుని జరిగిందంతా తానే చెబుతాడట. నేను లుపాఁ మొదటి కథ చెప్పాను. అది 1905 జూలైలో ఒక ఫ్రెంచి పత్రికలో వచ్చింది. ఓడ ప్రయాణంలో జరిగే కథ. చెబుతున్నవాడే దొంగ అని చివర్లో తెలుస్తుంది, ఓడ దిగగానే పట్టుబడతాడు. అంటే లుపాఁ సాహిత్యంలోకి అడుగుపెట్టిందే అరెస్టుతో. ఆ మాట అనగానే ఇద్దరం ఒకరి ముఖం ఒకరం చూసుకున్నాం. ఆమె మెల్లగా "ఇతను ఉంటున్న కాఫీ హోటల్ పేరు లెబ్లాఁ" అంది. నాకు ఒళ్లు జలదరించింది. తనను పుట్టించిన రచయిత పేరు పెట్టుకున్న ఇంటి అటక మీదే తలదాచుకుంటున్నాడు ఆ దొంగ. ఇంత శ్రద్ధగా చేసిన పనిని "పిల్లల ఆట" అని కొట్టిపారేసేవాళ్లంటే నాకు ఇప్పటికీ కోపం వస్తుంది.

ఇంకో కోపం కూడా ఉంది. మనవాళ్లు ఇంగ్లిషు చూసి "లూపిన్" అని రాస్తారు. ఫ్రెంచివాళ్లు చివర ముక్కుతో పలికే ఆ ధ్వనికి దగ్గరగా రాయడానికి మనకు అరసున్న ఉంది. ఇంగ్లిషుకు ఆ సౌకర్యం లేదు. ఉన్నదాన్ని మూలన పడేసి, లేనివాళ్ల ఉచ్చారణ అరువు తెచ్చుకోవడం ఎందుకు? ఫ్రెంచి నవల తెలుగులోకి వచ్చేటప్పుడు కూడా ఎక్కువగా ఇంగ్లిషు మీదుగానే వస్తుంది. నేరుగా ఫ్రెంచి నుంచి తెచ్చేవాళ్లు పెరగాలి. ఈ నగరంలో ఫ్రెంచి నేర్చుకునేవాళ్లు తక్కువేమీ లేరు.

అసలు మేము వాదించుకుంటూ కూర్చున్న పేటకే ఒక ఫ్రెంచివాడి పేరు ఉంది. నిజాం సైన్యంలో పనిచేసిన రేమండ్ అనే సేనాని పేరు జనం నోట మూసా రామ్‌గా మారి మూసారాంబాగ్ అయింది. 1798లో చనిపోయాడు. ఆ దగ్గరలోనే గుట్ట మీద ఆయన సమాధి ఉంది. ఆ తర్వాతి ఆదివారం ఇద్దరం కలిసి వెళ్లి చూసి వచ్చాం. హైదరాబాద్‌లో ఫ్రెంచి కథలా అని ఎవరైనా నవ్వితే నేను ముందుగా ఈ పేరు చెబుతాను.

మాకు గొడవ వచ్చింది మాత్రం మిలేడీ దగ్గర. ఆటలో హారు అనే మెత్తని అమ్మాయి ఉంటుంది. బడి మేడ మీద కూరగాయలు పెంచుకుంటుంది. ఆమెలోంచి వచ్చే రూపం మిలేడీ, ఫ్రెంచి రచయిత దుమా 1844లో రాసిన ముగ్గురు మస్కటీర్ల (రాజుగారి తుపాకీ సైనికుల) నవలలోని ప్రతినాయిక. గౌను కింద తుపాకులు దాచుకున్న రూపం. నాకు మండిపోయింది. కథానాయకుడు ప్రేమించిన కాన్‌స్టాన్స్‌ను విషం పెట్టి చంపిన మనిషి పేరు తెచ్చి ఈ పిల్లకు పెడతారా అని అరిచాను. హాస్టల్ ఆంటీ లేచి వచ్చి లైటు ఆర్పేశారు.

చీకట్లోనే ఆమె తన వాదన వినిపించింది. హారును తండ్రి తన లాభం కోసం ఇష్టం లేని మనిషికి కట్టబెట్టబోతాడు. ఆ పిల్ల అప్పటిదాకా నవ్వుతూ అందరికీ తలవంచింది. తనను బేరం పెట్టినవాళ్ల ముందు ఇంకా నవ్వుతూనే లోపల కత్తి దాచుకోవాలంటే మిలేడీ కాకపోతే ఇంకెవరు? "నీ దుమా నవలలో ఆవిడ చెప్పుకున్న సొంత కథ ఎక్కడైనా ఉందా?" అని అడిగింది. ఉంది, కానీ కాపలావాడిని మోసం చేయడానికి అల్లిన అబద్ధాల కథ అది. నిజమైన కథ చెప్పుకునే అవకాశం దుమా ఆవిడకు ఇవ్వలేదు. ఆమె ఆ నవల ముట్టుకోలేదు. నేను మూడుసార్లు చదివాను. అయినా ఆ ప్రశ్న నాకెప్పుడూ తట్టలేదు.

అందుకే మీకు చెబుతున్నాను: మీలాంటి ఇష్టాలే ఉన్నవాళ్ల కోసం వెతకకండి. ఒకే ఆట ఆడేవాళ్లు కలిస్తే నువ్వెన్ని గంటలు ఆడావు, నేనెన్ని గంటలు ఆడాను అన్న లెక్కలతోనే సగం కాలం గడిచిపోతుంది. పుస్తకాల వాళ్లూ అంతే, ఎవరు ముందు చదివారన్నదే పట్టింపు. మీకు ఇష్టమైన పాత్రకు రెండో వైపు తెలిసిన మనిషి కావాలి. అలాంటివాళ్లు మీ వరండాలోనే బట్టలు ఆరేసుకుంటూ ఉండవచ్చు. మీరు చేయవలసింది మీకు నచ్చిన పేరు వినబడినప్పుడు బయటికి చెప్పడం. ఆ రాత్రి నేను సీసా నింపుకుని నోరు మూసుకుని వెళ్లిపోయి ఉంటే మా స్నేహమే లేదు.

ఆమెకు తర్వాత పుణెకు బదిలీ అయింది. వెళ్లేటప్పుడు నా దుమా పుస్తకం పట్టుకెళ్లింది. పోయిన సంక్రాంతికి తిరిగి పంపింది. మిలేడీకి మరణశిక్ష వేసే ఘట్టం దగ్గర పేజీ అంచున పెన్సిల్‌తో అంకెలు వేసి ఉన్నాయి. ముగ్గురు మస్కటీర్లు, కథానాయకుడు, మిలేడీ భర్త అన్న, తల నరికేవాడు, నలుగురు నౌకర్లు. ఒక్కొక్కరి పేరు పక్కన ఒక్కొక్క అంకె, ఒకటి నుంచి పది దాకా. పది కింద రెండు గీతలు. ఇంకేమీ రాయలేదు.

నేను ఆ పది కింద "మరి కాన్‌స్టాన్స్‌కు పెట్టిన విషం?" అని రాసి, పుస్తకం మళ్లీ కొరియర్ చేశాను.