దుడుకు పిల్లాడికి మెదడు స్కాన్ తీయించాలా?

ప్రశ్న: మా బాబుకి తొమ్మిదేళ్లు. టీచర్ ప్రశ్న పూర్తి చేయకముందే జవాబు అరిచేస్తాడు. ఆటలో తన వంతు వచ్చేదాకా ఆగలేడు. మెదడు భాగాల మధ్య సంబంధాలు సరిగా లేకపోతే ఇలా చేస్తారని విన్నాం. ఎమ్మారైలో తెలుస్తుందా?
– ఒక తల్లి, ఖమ్మం

జవాబు: ఇందుకోసం ఎమ్మారై వద్దమ్మా. మీరు విన్నది అబద్ధం కాదు. కాకపోతే అది వేలమంది పిల్లల సగటు లెక్క, దాన్నిబట్టి మీ బాబు సంగతి చెప్పలేం.

‘ఇప్పుడే కావాలి’ అనే తొందర మెదడు లోతుల్లోని స్ట్రయేటమ్ నుంచి వస్తుంది. ‘ఆగు’ అని చెప్పేది నుదుటి వెనకున్న ముందు మెదడు. ఆ రెంటినీ కలిపే నరాల పోగులకు మైలిన్ అనే కొవ్వు పొర పట్టేకొద్దీ కబురు త్వరగా చేరుతుంది. ముందు మెదడులో ఈ పని పాతికేళ్ల వయసు దాకా సాగుతూనే ఉంటుంది. తొమ్మిదేళ్లవాడికి ఆగడం కష్టమే.

అమెరికాలో పిల్లల మెదడు ఎదుగుదలను గమనించే ఏబీసీడీ అధ్యయనం 9–10 ఏళ్ల పిల్లల్ని 11,800 మందికి పైగా చేర్చుకుని మెదడు స్కాన్లు తీసింది. ఆ స్కాన్లనూ కలిపి చూసిన విశ్లేషణ ఒకటి 2022లో ‘నేచర్’ అనే సైన్స్ పత్రికలో వచ్చింది. మెదడు సంబంధాలకూ ప్రవర్తనకూ ఉన్న లంకె చాలా సన్ననిదనీ, నమ్మకంగా చెప్పాలంటే వేలమంది కావాలనీ తేల్చింది. పైగా దుడుకు పిల్లలు స్కానర్లోనూ కదులుతారు. తల మిల్లీమీటరులో సగం కదిలినా దూరపు భాగాల మధ్య సంబంధం ఉన్నదానికన్నా తక్కువగా కనిపిస్తుంది. ఆస్పత్రిలో తీసే మామూలు ఎమ్మారై అయితే మెదడు ఆకారాన్నే చూపుతుంది, ఈ సంబంధాలను కొలవదు.

ఇంట్లో ఇలా చేయండి. ‘బుద్ధిగా ఉండు’ అంటే ఏం చేయాలో వాడికి తెలియదు. ‘జవాబు తట్టిందా, నోరు మూసి చెయ్యెత్తు’ అని ఒకే ఒక్క వాక్యం ఇవ్వండి. మీరు టీచరులా ప్రశ్న అడిగి, రోజూ ఐదుసార్లు చేయించండి. ఆగిన ప్రతిసారీ అప్పటికప్పుడే మెచ్చుకోండి. ఆదివారం బొమ్మ కొనిపెడతానంటే పనిచేయదు, అంత దూరపు ఫలం కోసం ఆగలేకపోవడమే కదా అసలు ఇబ్బంది! అష్టాచెమ్మా ఆడించండి, మొదట ఇద్దరే కూర్చోండి. నలుగురైతే వంతు మరీ ఆలస్యమై వాడు లేచిపోతాడు. నిద్ర 9 గంటలకు తగ్గనివ్వకండి.

ఇంట్లోనూ బడిలోనూ ఆరు నెలలకు పైగా ఇలాగే ఉండి, చదువో స్నేహాలో దెబ్బతింటుంటే, టీచరు రాసిచ్చిన వివరాలతో పిల్లల మానసిక వైద్యుల్ని కలవండి. ఏడీహెచ్‌డీ (ధ్యాస నిలవకపోవడం, అతి చురుకు, దుడుకుతనం ఉండే సమస్య) ఉందో లేదో వాళ్లు ఆ వివరాలు, మీ మాటలు, బాబు తీరు చూసే చెబుతారు. చూడకుండా రోడ్డు మీదికి పరిగెత్తే అలవాటుంటే మాత్రం ఆరు నెలలు ఆగకండి.