వీణ: వేలికి కోత, స్వరానికి జీర

ప్రశ్న: వయసు 46. వీణ మొదలుపెట్టి రెండు నెలలైంది. ఎడమచేతి వేళ్లు కోసుకుపోతున్నాయి, స్వరమేమో జీరగా పలుకుతోంది. వయసు దాటిపోయిందంటారా?

జవాబు: వయసు కాదండీ, వేలు పెట్టే చోటు చూసుకోండి. రెండు మెట్ల (తీగల కింద అడ్డంగా ఉండే లోహపు కడ్డీల) నడుమ నొక్కితే తీగ మెట్టుకు సరిగా ఆనదు, జీర వస్తుంది. అది పోవాలని ఇంకా గట్టిగా అదుముతారు, వేలు తెగుతుంది. పలకాల్సిన మెట్టును ఆనుకునే చూపుడువేలు, మధ్యవేలు జతగా పెట్టండి. కొబ్బరినూనెలో తడిపిన దూది పక్కన ఉంచుకుని వేళ్లకు అద్దుకోండి. గంటసేపు ఒక్కబిగిన వద్దు. పూటకు 15 నిమిషాలు, మాయామాళవగౌళ రాగంలో సరళీ స్వరాలు (తొలి పాఠాలు), మొదటి కాలంలోనే, అంటే నెమ్మదిగానే. వేలికొస చర్మం గట్టిపడితే మంచిదే, తెగితే ఆపేయండి.

24 మెట్లలో ఏదో ఒక్కటే జీరపోతోందా? అయితే తప్పు మీది కాకపోవచ్చు. ఎండకు, మెట్లను నిలిపే మైనం మెత్తబడి ఆ మెట్టు దిగితే తీగ పక్క మెట్టుకు తగులుతుంది. మేళం కట్టేవారికి (మైనంలో మెట్లు అమర్చేవారికి) చూపించండి, మైనాన్ని సొంతంగా వేడిచేయొద్దు.